మా అవ్వ అడిగిన ప్రశ్న: తెలుగు సంఘముల బోధకులకు బహిరంగ లేఖ

హోసూరు, డెంకణికోట, కృష్ణగిరి ప్రాంతములలోను, అంతకు ఆవల తెలుగు వినబడు చోటులన్నింటను వాక్యోపదేశము చేయుచున్న అయ్యగార్లకును, గురువులకును, సువార్తికులకును జవళగిరినుండి వ్రాయునది.

తమిళనాటికిని కర్ణాటకమునకును నడుమ, అడవి యంచున నున్న మా జవళగిరిలో ఇంట తెలుగును, సంతలో కన్నడమును, కచేరీలో తమిళమును మాటలాడుట ఎవరికిని వింతగాదు. అట్లే ఒక యింటి యాడుబిడ్డ ఆదివారము ఆరాధనకు పోవుటయు, ఆమె తోబుట్టువు డెంకణికోట బేటరాయస్వామి తేరు లాగుటకు పోవుటయు, ఇద్దరును మరలివచ్చి ఒకే కుండలోని సంగటి తినుటయు వింతగాదు. భాషలు కలిసినట్లే విశ్వాసములును ఒక కప్పు క్రింద కలిసి బ్రతుకుచున్న ఇట్టి చోట, మరణము సంభవించినప్పుడు మాత్రము ఒక ప్రశ్న ఇంటిని నిలువున చీల్చును. క్రీస్తును ఎరుగక, లేక ఎరిగియు బాప్తిస్మము పొందక, మరణించిన మనవారి గతి యేమి? గ్రంథము తుదకు అందరును రక్షింపబడుదురని చెప్పుచున్నదా, కొందరే యని చెప్పుచున్నదా? ఈ ప్రశ్నను మీ ముందుంచుటకే ఈ లేఖ వ్రాయుచున్నాను.

మా అవ్వ, అనగా మా యమ్మకు తల్లి, బాప్తిస్మము పొందలేదు. మా యమ్మ పెండ్లియైన పిదప క్రీస్తును నమ్మి, ఇరువదియేండ్లు తల్లిని బ్రతిమాలెను. అవ్వ యేసు కథలన్నియు వినెను, తప్పిపోయిన కుమారుని కథను మరల మరల చెప్పించుకొని వినెను, కాని నీళ్లలోనికి దిగుమన్నప్పుడెల్ల ఒక్కమాటే అడిగెడిది: "మీ నాయిన ఆడ ఉండాడా? ఆయప్ప లేని తావుకు నేనొక్కతే పొయ్యి ఏం జేసేదమ్మా?" మా తాత యేసు పేరు వినకమునుపే కాలము చేసినవాడు. ఆమెకు చదువు లేదు. వేసవి దినములలో అడవిదారిన పోవు వారిని పిలిచి, కులమడుగక అంబలి పోసెడిది. ఒక యేడు ఏనుగులు దిగివచ్చి కోతకు వచ్చిన మా రాగిచేనంతయు త్రొక్కి తినిపోగా, రాత్రియెల్ల కావలిమంచె మీద అరచి అలసివచ్చిన మా మామ వాటిని తిట్టుచుండిన వేళ, "వాటికీ కడుపుండాది కదప్పా" అని ఊరకుండినది.

ఆమె కన్నుమూసిన తరువాత, మా యమ్మకు ఓదార్పు కలుగునని తలచి, సంఘమువారు మా యింట ఆదరణ కూటము పెట్టిరి. ఆనాడు వాక్యము చెప్పుటకు వచ్చిన బోధకుడు మత్తయి సువార్త 25వ అధ్యాయపు చివరి వచనము చదివి, రక్షణ పొందక పోయిన ఈ తల్లి ఇప్పుడు ఆరని అగ్నిలో నున్నదనియు, ఆమె కేకలు వినగలిగినచో ఇక్కడ కూర్చున్న అన్యులందరు నేడే మారుమనస్సు పొందుదురనియు పలికెను. ఆయనకు మా మీద ద్వేషము లేదని నేను నమ్ముచున్నాను. తాను సత్యమనుకొన్నదానిని దాచక చెప్పుట తన విధి యనుకొనెను. కాని ఆ రాత్రినుండి మా యమ్మకు నెలల తరబడి నిద్ర లేకపోయెను. నడిరేయి లేచి కూర్చుండి, "మంట అంటేనే భయపడే మనిషిరా మా యమ్మ" అని నాతో అనుచుండగా, నేను దీపము పెట్టుకొని గ్రంథము తెరవ నారంభించితిని. అది మొదలు నేటివరకు చదువుచునే యున్నాను.

చదివి నేను తెలిసికొన్నదానిని ముందుగానే చెప్పెదను. అందరును తప్పక రక్షింపబడుదురను శాసనము గ్రంథమునందు నాకు కనబడలేదు. కాని మా అవ్వ నరకమున నున్నదని చెప్పు అధికారమును గ్రంథము ఏ బోధకునికిని ఇచ్చినట్లును కనబడలేదు. అందరి రక్షణకొఱకు ఆశించుడనియు, ప్రార్థించుడనియు మాత్రము స్పష్టముగా ఆజ్ఞాపించినది.

మా అవ్వ ప్రశ్న ఆమెది మాత్రమే కాదు. ఫ్రాన్సిస్ జేవియరు జపానులో సువార్త ప్రకటించి మరలివచ్చి, 1552లో కొచ్చినుండి వ్రాసిన లేఖలో, అక్కడి క్రొత్త విశ్వాసులు తమ పితరులకు విమోచనము లేదని విని కన్నీరు విడుచుచున్నారనియు, తనకును దుఃఖము కలుగుచున్నదనియు తెలిపెను. సుమారు 700 ప్రాంతమున ఫ్రీజియను రాజగు రాద్బోదు బాప్తిస్మపు తొట్టిలో ఒక కాలు పెట్టి, తన పూర్వులెక్కడ నున్నారని అడిగి, నరకమున నున్నారని విని, ఆ కాలు వెనుకకు తీసికొనెనని ఐతిహ్యము. తెలుగువారికి ఇంత దూరము పోనక్కరలేదు. తిక్కన తెనిగించిన స్వర్గారోహణపర్వమున ధర్మరాజు తమ్ములు లేని స్వర్గమును త్రోసిపుచ్చి, వారి ఆర్తనాదములు వినవచ్చు నరకముననే నిలిచిపోదునని పలుకును. తిరుక్కోట్టియూరు గోపురమెక్కి, తాను నరకమునకు పోయినను సరియే యని తిరుమంత్రమును అందరికిని వినిపించిన రామానుజుల కథ మా యెల్లలకు రెండు వైపులను ప్రతి వైష్ణవగృహమున చెప్పుకొందురు.

ఈ చివరి రెండును పరమతముల కథలని మీరు ప్రక్కన పెట్టవచ్చును. కాని నిర్గమకాండము 32వ అధ్యాయమున మోషే, ఈ జనుల పాపమును క్షమింపనిచో నీ గ్రంథమునుండి నా పేరును తుడిచివేయుమని దేవునితో వాదించుచున్నాడు. రోమీయులకు వ్రాసిన పత్రిక 9వ అధ్యాయమున పౌలు, తన రక్తసంబంధుల కొఱకు తానే క్రీస్తునుండి వేరై శాపగ్రస్తుడగుటకైన సిద్ధమే యని చెప్పుకొనుచున్నాడు. మనవారు లేని మోక్షము మాకేల యని యడిగిన వీరిని గ్రంథము అవిశ్వాసులని నిందింపలేదు. ఒకనిని ప్రవక్తగను, మరియొకనిని అపొస్తలునిగను మన ముందు నిలిపినది.

పౌలు 9వ అధ్యాయమున పెట్టిన ఆ మొఱ ఎక్కడ ముగియుచున్నదో చూడుడు. మూడధ్యాయములు దుఃఖించి, తర్కించి, తుదకు 11వ అధ్యాయము 32వ వచనమున, దేవుడు అందరిని కనికరించుటకే అందరిని అవిధేయతలో బంధించెనను మాటకు వచ్చి, అక్కడినుండి వాదము చాలించి స్తోత్రము చేయుటకు మొదలిడినాడు. అదే పత్రిక 5వ అధ్యాయమున ఒక్క ఆదాము అపరాధము ఎందరికి వ్యాపించెనో, ఒక్క క్రీస్తు నీతికార్యము అందరికిని వ్యాపించునని త్రాసులో ఇరుప్రక్కలను సమముగా తూచి చూపినాడు. కొలొస్సయులకు వ్రాయుచు, సిలువ రక్తముచేత భూమ్యాకాశములందున్న సమస్తమును సమాధానపరచుకొనుట దేవుని సంకల్పమనెను. తిమోతికి వ్రాసిన మొదటి పత్రికయందు, మనుష్యులందరును రక్షణ పొందవలెనని దేవుని యిచ్ఛ యనియు, క్రీస్తు అందరికొఱకును తన్ను విమోచనక్రయముగా అర్పించుకొనెననియు, దేవుడు అందరికి రక్షకుడు, విశ్వాసులకు విశేషముగా రక్షకుడనియు చెప్పబడినది. ఇందు "విశేషముగా" అను మాటను నేను ఎన్నియో రాత్రులు చూచుచు కూర్చుంటిని. విశేషమున్నచోట సామాన్యమును ఉండవలెను గదా!

దీనికి మీరు చెప్పు సమాధానములను ఎరుగనివాడను కాను. "అందరు" అనగా అన్ని జాతులవారని కొందరును, "క్రీస్తునందు అందరు బ్రదికింపబడుదురు" అనుచోట "క్రీస్తునందు" అను మాట ఆ "అందరు" అను మాటకు ఎల్ల గీయుచున్నదని కొందరును, యేసు నామమున ప్రతి మోకాలు వంగుననుట ఓడిపోయిన శత్రువు మోకాలు వంచుట వంటిదని మరికొందరును అందురు. ఇవి త్రోసివేయదగిన వాదములు కావు. యేసుని నోటినుండియే వెలువడిన ఇరుకుద్వారము, బయటి చీకటి, ధనవంతునికిని లాజరునకును నడుమ నున్న అగాధము, ఇవన్నియు గ్రంథమున నున్నవి. తలుపు మూయబడిన పిదప బయట నిలిచి తట్టిన కన్యకలును ఉన్నారు. ప్రకటన గ్రంథము 20వ అధ్యాయమున అగ్నిగుండము కలదు. వీటిని తుడిచివేసి అందరును సుఖముగా చేరుదురని చెప్పువాడు గ్రంథమును సగమే చదివినవాడు. అయితే అదే గ్రంథము 21వ అధ్యాయమున, ఆ పట్టణపు గుమ్మములు ఎన్నడును మూయబడవనియు, 19వ అధ్యాయమున క్రీస్తుమీద యుద్ధమునకు లేచిన "భూరాజులు" అను పేరుగలవారే తమ వైభవముతో లోనికి వచ్చెదరనియు ఉన్నదే, దానిని విడిచిపెట్టువాడును సగమే చదివినవాడు.

ఇక ఆనాడు మా యింట చదువబడిన వచనమునకు వచ్చెదను. అందులో తెలుగు బైబిలు "నిత్యశిక్ష" అను మాటను వాడినది. ఈ మాట మన భాషలోనికి ఎట్లు వచ్చెనో ఆలోచింపుడు. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డెగ్రాంజెస్ అను లండను మిషనరీలును, వారికి తోడైన ఆనందరాయరును మొదలుకొని, తరతరముల అనువాదకులు గొప్ప శ్రమచేసి మనకు ఈ గ్రంథమును తెలుగున ఇచ్చిరి. వారి ఋణము తీరునది కాదు. "నిత్య" అని వారు వ్రాసిన చోట గ్రీకు మూలమున "ఐయోనియోస్" అని యున్నది. అది "ఐయోన్" అను మాటనుండి పుట్టినది. ఆ "ఐయోన్" అను మాటనే మన అనువాదకులు ఇతర స్థలములందు "యుగము" అని తెనిగించిరి. "యుగసమాప్తి", "యుగయుగములు" అని మీరు ప్రతి ఆదివారము చదువుచునే యున్నారు. యుగమనగా తెలుగువానికి తెలియును: అది ఎంత దీర్ఘమైనను దానికి తుది కలదు. "రాబోవు యుగపు శిక్ష" అని ఆ వచనమును చదువుటకును వీలున్నదని గ్రీకు నెరిగినవారు కొందరు చెప్పుచున్నారు.

వారి మాటకు ప్రబలమైన ఆక్షేపణ లేకపోలేదు. అగస్తీను చెప్పినట్లు, అదే వచనమున అదే విశేషణము జీవమునకును వాడబడినది. శిక్షకు తుది యున్నచో జీవమునకును తుది యుండవలెను గదా యని ఆయన వాదము. పదునైదు వందల యేండ్లకు పైగా అది నిలిచియున్నది, నేను దానిని పడగొట్టజాలను. కాని యూదా పత్రిక సొదొమ పట్టణముమీద పడిన అగ్నిని అదే విశేషణముతో పేర్కొనుచుండగా, యెహెజ్కేలు 16వ అధ్యాయమున ఆ సొదొమయే తన పూర్వస్థితికి మరల వచ్చునని దేవుడు వాగ్దానము చేయుచున్నాడు. నిత్యాగ్నిలో పడిన పట్టణమునకు పునఃస్థితి ఎట్లు కలుగును? ఈ రెండు వచనములను ఒకచోట పెట్టి ప్రసంగించిన బోధకుని నేనింతవరకు వినలేదు.

"శిక్ష" అను మాటయందు నాకు మరియొక వెలుగు కనబడినది. గ్రీకు మూలమున అక్కడ నున్నది "కొలాసిస్". దండింపబడువాని మేలుకొఱకు చేయునది కొలాసిస్ అనియు, దండించువాని తృప్తికొఱకు చేయునది వేఱొకటి యనియు అరిస్టాటిలు భేదము చూపెను. తరువాతి వాడుకలో ఆ భేదము చెరిగినదన్న మాటయు నిజమే. అయినను మన అనువాదకులు ఎంచుకొన్న మాట చూడుడు! సంస్కృతమున "శిక్ష" అనగా బోధ. వేదాంగములలో మొదటిదాని పేరది. తెలుగున అది దండనగా మారినను "శిక్షణ", "శిక్షితుడు" అను మాటలలో దాని ప్రాణము నేటికిని ఉన్నది. ప్రభువు తాను ప్రేమించువానినే శిక్షించునని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక చెప్పుచున్నది. శిక్షింపబడుట ప్రేమింపబడువాని లక్షణమైన యెడల, ఆ శిక్ష దేనికొఱకని అడుగుటకు నాకు హక్కు లేదా?

అన్నిటికంటె నాకు బాధ కలిగించినది మరియొకటి. మత్తయి 25వ అధ్యాయమున గొఱ్ఱెలను మేకలను వేరుచేయు రాజు ఏమి యడుగుచున్నాడు? ఎవరు ఏ సంఘమున చేరిరని కాదు, ఎవరు నీళ్లలో మునిగిరని కాదు. ఆకలిగొన్నవానికి ఎవరు పెట్టిరి, దప్పిగొన్నవానికి ఎవరు పోసిరి, పరదేశిని ఎవరు చేర్చుకొనిరి యని. కుడిప్రక్క నున్నవారు తాము ప్రభువునకే చేసితిమని ఎరుగక ఆశ్చర్యపడుచున్నారు. అడవిదారిన అంబలి పోసిన మా అవ్వ శవము లేచిన యింట, ఆ అధ్యాయపు 46వ వచనము చదివి 35వ వచనము విడిచిపెట్టుట ఎట్లు న్యాయము?

సంఘచరిత్రయందు ఈ విషయమున ఒకే గొంతు లేదు. అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయమున పేతురు చెప్పిన అన్నిటి కుదురుబాటును ఆధారము చేసికొని మూడవ శతాబ్దమున ఓరిగెను సర్వవిమోచనమును ఆశించెను. నాల్గవ శతాబ్దమున నిస్సా గ్రెగొరి, బంగారమునుండి కల్మషమును వేరుచేయు అగ్నివలె దేవుని అగ్ని తుదకు అందరిని శుద్ధిచేయునని వ్రాసెను. 553లో కాన్‌స్టాంటినోపులున కూడిన సభ నాటినుండి ఓరిగెను పేరు నిషిద్ధమైనది. గ్రెగొరి మాత్రము నేటికిని పరిశుద్ధుడుగనే పూజింపబడుచున్నాడు. కతోలిక సంఘము ఎందరినో పేరుపేరున పరిశుద్ధులని ప్రకటించినది గాని, ఫలానివాడు నరకమున నున్నాడని ఒక్కని గూర్చియైన ప్రకటింపలేదు. 1964లో రెండవ వాటికను సభ, తమ తప్పిదము లేకయే సువార్త నెరుగక, మనస్సాక్షి ననుసరించి బ్రతికినవారికి రక్షణ సాధ్యమని స్పష్టముగా పలికినది. రెండువేల యేండ్ల సంఘము వెనుదీసిన తీర్పును ఒక సాయంకాలపు కూటమున పలుకుటకు మనమెవ్వరము?

మన దేశముననే జరిగిన ఒక సంగతిని మీకు జ్ఞాపకము చేయుదును. అహ్మద్‌నగరున పనిచేసిన రాబర్టు హ్యూము అను అమెరికను మిషనరీ సెలవుమీద స్వదేశమునకు పోయి, 1886లో, ఈ జన్మమున క్రీస్తును వినని వారికి మరణానంతరము అవకాశముండవచ్చునను ఆశకు అనుకూలముగా మాటలాడగా, ఆయనను పంపిన సంస్థ ఆయన తిరుగు ప్రయాణమును నిలిపివేసెను. మరుసటియేట మరల పంపక తప్పలేదు. ఆయన సువార్తసేవను ఆ ఆశ సడలింపలేదు. నెల్లూరున 1886లోనే పుట్టిన మన తెలుగు క్రైస్తవ తాత్త్వికుడు పాండిపెద్ది చెంచయ్య, 1938లో తన మిత్రులతో కలిసి వెలువరించిన గ్రంథమున, క్రీస్తును ఒక నవసృష్టికి ఆరంభముగా చూపెను. క్రీస్తునందు మొదలైనది ఒక క్రొత్త సృష్టియే యైనచో, ఆ సృష్టిలో మా తాతముత్తాతలకు పాలు లేకపోవుట ఎట్లని నేను చెంచయ్య బాటన నడిచి యడుగుచున్నాను.

మీలో కొందరు, ఈ ఆశ పాపులకు అభయమిచ్చునని అందురు. ఆ మాటను నేను తేలికగా కొట్టివేయను. 1985లో కారంచేడున, 1991లో చుండూరున దళితులను వెంటాడి చంపినవారిని తలచుకొన్నప్పుడు, హంతకుడును హతుడును ఒకే పంక్తిని కూర్చుందురని ఆ తల్లుల ముందు నిలిచి సులభముగా పలుకు నాలుక నాకు లేదు. తీర్పు ఉండవలెను, అది నిప్పువలె ఉండవలెను. తాను చేసినది యేమో హంతకుడు హతుని కన్నులతో చూచి కాలిపోవలెను. కాని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయమున, ఒకని పని యంతయు కాలిపోయి, వాడు మాత్రము అగ్నిలోనుండి తప్పించుకొన్నట్లు రక్షింపబడునని పౌలు వ్రాసెను. ఆ వచనము సంఘమున పనిచేయువారిని గూర్చినదని నేనెరుగుదును. అయినను తీర్పును రక్షణయు ఒకదానికొకటి శత్రువులు కావని అది నాకు నేర్పినది. నరకమును గూర్చి యేసు పలికిన కఠోరవాక్యములు ఎక్కువగా ఎవరిమీద పడినవి? వాకిట పడియున్న లాజరును చూడని ధనవంతునిమీదను, మోయరాని బరువులు పరులమీద మోపిన మతాధికారులమీదను. దుఃఖమున నున్న విధవలమీద పడలేదు.

అందరును రక్షింపబడుదురేని ఇక సువార్త యేల యని మరికొందరందురు. మా యమ్మ నరకభయమున క్రీస్తును నమ్మలేదు. మా నాయన త్రాగివచ్చి కొట్టు దినములలో, తన్నొకడు పేరుపెట్టి పిలుచుచున్నాడని తెలిసి నమ్మినది. ఆ పిలుపును ఇరుగుపొరుగునకు చెప్పకుండ ఆమె ఒక్కదినమైన ఉండలేదు. భయము లేకయే ఆమె ఇంతమందికి చెప్పగలిగినచో, చదివిన మీరేల చెప్పజాలరు?

కావున నా మనవి ఇది. మీ సిద్ధాంతమును మార్చుకొనుడని నేనడుగను. ఆదరణ కూటమునకు వచ్చినప్పుడు, చనిపోయినవారి గతిని గూర్చి తీర్పు పలుకక, తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయపు తొలి వచనములు చదువుడు. అందరికొఱకును విజ్ఞాపనలు చేయుడన్న ఆజ్ఞ అందు మొట్టమొదట నున్నది. మత్తయి 25వ అధ్యాయము చదివినచో మొదటినుండి చివరివరకు చదువుడు. "నిత్య" అని పలికినప్పుడు దాని మూలమున యుగమను మాట యున్నదని ఒక్కసారియైన చెప్పుడు. కృష్ణగిరి జిల్లా కతోలిక గ్రామములలో నవంబరు 2న సమాధుల యొద్ద క్రొవ్వొత్తులు వెలిగించి, ఉత్తరించు స్థలమున నున్న ఆత్మల కొఱకు ప్రార్థింతురు. అట్టి వాడుక లేని సంఘములవారు కనీసము "అన్యులు" అను ఆ మాటను చనిపోయినవారి బిడ్డల యెదుట పలుకకుండ నుండవలెనని వేడుచున్నాను. మా యింట ఎవరును అన్యులు కారు.

అవ్వను మా రాగిచేని గట్టున, తాత ప్రక్కనే పూడ్చితిమి. రాబోవు కోతలు ముగిసిన పిదప, ఏనుగుల మంద ఇటు తిరుగకమునుపు, ఒక సాయంకాలము అక్కడ ప్రార్థన పెట్టించవలెనని మా యమ్మ కోరిక. ఇప్పుడామెకు నడక చాలదు, ఎత్తుకొని పోయెదము. మీలో ఎవరైనను రావచ్చును. డెంకణికోట దారిన వచ్చి, జవళగిరిలో ఏ యంగడియందైనను అంబలిపోసిన అవ్వ యిల్లని అడిగినచో చూపుదురు. వచ్చినవారికి సంగటియు అనపగింజల పులుసును ఉండును. ఎండనపడి వచ్చినచో ముందుగా అంబలి.